కోడి ధర, కోడి చావు



మాంసం మానెయ్యమని చెప్పడానికి నేనీ మైకు ముందుకు రాలేదు. నేను పశువైద్యుణ్ణి. ఆదివారం మా ఇంట్లోనూ కోడికూరే. తినేవాళ్లు తింటారు, తిననివాళ్లు తినరు, ఆ తగువు మనకిప్పుడు వద్దు. అయితే తినేది ఏ కోడినైనా అది మన పళ్లెంలోకి రాకముందు ఒకరి చేతుల్లో చచ్చింది. ఆ చావు ఎలా ఉంటోంది, దాన్ని ఇంకాస్త తేలిక చేయడం మన చేతుల్లో ఉందా అన్నదే ఇవాళ్టి మాట.

పడమటి దేశాల్లో కోడి ఎలా చచ్చిందో కొనేవాడికి తెలియదు. ఊరికి దూరంగా, పెద్ద పెద్ద షెడ్లలో, గంటకు వేల లెక్కన యంత్రాల మీద ఆ పని అయిపోతుంది. దుకాణంలో కనిపించేది ప్లాస్టిక్ కాగితం చుట్టిన తెల్లటి ముక్క. మన చికెన్ సెంటర్లో ఆ దాపరికం లేదు. గూట్లోంచి లాగడం, కాటా మీద పెట్టడం, కోయడం, అంతా మనకు నాలుగడుగుల దూరంలోనే. దీన్ని మోటు అనేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇందులో ఒక మేలు కనిపిస్తుంది. కళ్ల ముందు జరిగేదాన్ని గురించి అడగొచ్చు. జరగనిదాన్ని గురించి అడగడమే కష్టం.

ఇంతకీ అక్కడ జరిగేదేమిటి? కుర్రాడు కోడి రెక్కలు రెండూ వెనక్కి కలిపి పట్టుకుని, తల వంచి, మెడ మీద కత్తి ఆడించి, పక్కనున్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో పడేస్తాడు. లోపల అప్పటికే రెండో మూడో ఉంటాయి. దబదబమని కొట్టుకుంటాయి. ఆ చప్పుడుకు కొందరు మొహం తిప్పుకుంటారు, ఎక్కువమంది ఫోను చూసుకుంటారు. చప్పుడు సద్దుమణిగాక బయటికి తీసి, విత్ స్కిన్ అయితే వేడినీళ్లలో ముంచి ఈకల మిషన్లో వేస్తారు, స్కిన్‌లెస్ అయితే తోలు ఒలిచేస్తారు.

ఆ చప్పుడంతా బాధేనా అని చాలామంది అడుగుతుంటారు. అంతా కాదు. మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులు కోడి మెడలో రెండున్నాయి. అవి మెడ పొడవునా వెన్నెముకను ఆనుకుని, కండ లోపల దాగి ఉంటాయి, తల దగ్గరికి వచ్చాకే విడివడి పైకి తేలతాయి. అందుకే తలకు దగ్గరగా, పదునైన కత్తితో, ముందువైపు నుంచి ఒకే కోత పడితే రెండూ తెగుతాయి. మెదడుకు రక్తం ఆగిపోతుంది. కొద్ది సెకన్లలోనే స్పృహ జారడం మొదలవుతుంది. ఆ తర్వాత రెక్కలు కొట్టుకోవడం వెన్నుపాము చేసే పని, కోడికి దాని ఎరుక ఉండదు. కత్తి మొద్దుబారినా, తొందరలో కోత పక్కకు జరిగినా, మెడకు మరీ కిందగా పడినా తెగేది తోలూ ఒక సిరా మాత్రమే. అప్పుడు స్పృహ పోవడానికి నిమిషం దాటవచ్చు. ఆ నిమిషం అది డ్రమ్ములో, మిగతా కోళ్ల కింద, అన్నీ తెలుస్తూనే గడుపుతుంది.

కాబట్టి చప్పుడును బట్టి ఏమీ తేల్చలేం. చూడాల్సింది కన్ను. వేలితో కంటి అంచు తాకితే కోడి మూడో రెప్ప, అదే పక్కనుంచి జరిగే ఆ తెల్లటి పొర, కదిలిందంటే మెదడు ఇంకా పనిచేస్తున్నట్టే. పొట్ట కింది భాగం ఒక లయలో ఎగిసిపడుతున్నా ఊపిరి ఆడుతున్నట్టే లెక్క. ఇవి రెండూ ఆగిపోయాకే వేడినీళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. బ్రిటన్‌లో కోడి గొంతు కోశాక 90 సెకన్లు గడిచేదాకా తర్వాతి పని మొదలుపెట్టకూడదని నియమం. మన దగ్గర ఆదివారం రద్దీలో ఆ 90 సెకన్లే అన్నిటికంటే ఖరీదైనవి.

డ్రమ్ముకు బదులు కోన్లు వాడే దుకాణాలు అక్కడక్కడా ఉన్నాయి. గరాటు ఆకారంలో ఉండే రేకు, గోడకు బిగిస్తారు. కోడిని తలకిందులుగా అందులో దించితే తల కింది నుంచి బయటికి వస్తుంది, ఒళ్లంతా బిగువుగా పట్టి ఉంటుంది, రెక్కలు విదిలించడానికి చోటుండదు. కోయడానికి రెండు చేతులూ ఖాళీ, కోత సరిగ్గా పడుతుంది. మా వీధిలో కొట్టు నడిపే కుర్రాడికి ఇదే చెబితే, "డాక్టరు గారూ, దాంట్లో ఒక్కొక్కటే పడుతుంది. డ్రమ్ములో అయితే నాలుగు పడేసి ఇటు ముక్కలు కొట్టుకుంటాను. ఆదివారం లైను మీరే చూస్తున్నారుగా" అన్నాడు. మరి నాలుగు బిగించరాదా అన్నాను. నవ్వేసి ఊరుకున్నాడు. కొన్నాళ్లకు మూడు బిగించాడు. నా మాటకు కాదు. రెక్కల దగ్గర నెత్తురు గడ్డలు కడితే గిరాకీలు ముక్క మార్చమని గొడవ పెడుతున్నారట, కోన్లో వేస్తే ఆ గోల తగ్గిందట. కారణం ఏదైతేనేం, కోడికి తేడా తెలుస్తుంది. గూళ్లకూ కత్తిపీటకూ మధ్య ఒక పాత గోనెపట్టా వేలాడదీయమని కూడా అడిగాను. దానికి ఖర్చేం లేదు గనక ఆ రోజే కట్టేశాడు.

ఇంతవరకూ కనబడే సంగతి. ఈ వృత్తిలో నాకు అర్థమైంది ఒకటుంది. కోడికి ధర ఉన్నంతసేపు దాని ఒంటికి ఎంతో కొంత కాపు ఉంటుంది. ధర పడిపోతున్న కొద్దీ చావు మోటెక్కిపోతుంది. చికెన్ సెంటర్లో కోడికి కిలో లెక్కన ధర ఉంది, ఎదురుగా కొనేవాడున్నాడు. ఆ రెండూ లేని చోట్లకు వెళ్దాం.

ముందు ఫారం నుంచి కొట్టు దాకా వచ్చే దారి చూడండి. ఫారం వాళ్ల భాషలో దీన్ని లిఫ్టింగ్ అంటారు. బ్రాయిలర్ కోడి నలభై, నలభై రెండు రోజులకే రెండు కిలోలు దాటుతుంది. ఛాతీ కండ పెరిగినంత వేగంగా కాళ్ల ఎముకలు గట్టిపడవు. చీకట్లో కోళ్లు నిదానంగా ఉంటాయి కనక లిఫ్టింగ్ రాత్రిపూట పెట్టుకుంటారు, అది మంచి పద్ధతే. ఆ తర్వాత జరిగేదే మంచిది కాదు. లిఫ్టింగ్ కుర్రాళ్లకు కూలీ పనిని బట్టి, గంటలను బట్టి కాదు. ఒక్కో చేతికి నాలుగైదు కోళ్లను ఒంటి కాలితో పట్టుకుని, తలకిందులుగా ఊపుకుంటూ వచ్చి, ట్రేలోకి కుక్కుతారు. రెండు కిలోల బరువు ఒక్క కాలి కీలు మీద వేలాడితే తుంటి జారిపోవడానికి ఎంతసేపు? ట్రే మూత మూసేటప్పుడు రెక్కో మెడో ఇరుక్కుంటుంది.

తలకిందులుగా పట్టుకుంటే కోడి ఊరుకుంటుందని, అంటే దానికేమీ కాలేదని మనవాళ్ల నమ్మకం. అది ఊరుకోవడం కాదు, భయంతో కొయ్యబారడం. పిల్లి నోట్లో పడ్డ పక్షి కూడా అలాగే కదలకుండా ఉంటుంది. పైగా మనకున్నట్టు పక్షులకు ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుపొర లేదు. తలకిందులు చేస్తే పేగులూ కాలేయమూ వచ్చి గాలి తిత్తుల మీద పడతాయి, ఊపిరి బరువవుతుంది. స్కూటరు హ్యాండిలుకు అటు పదీ ఇటు పదీ కాళ్లు కట్టి వేలాడదీసి, తలలు చక్రానికి రాసుకుంటూ వెళ్లే కోళ్లను మీరూ చూసే ఉంటారు. అవి నోళ్లు తెరుచుకుని ఉండేది అరవడానికి కాదు, గాలి కోసం.

ఇక డీసీఎం బండి. కోడికి చెమట గ్రంథులు లేవు. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే నోరు తెరిచి ఒగర్చడమే దారి. ట్రేల మీద ట్రేలు పేర్చిన బండి మధ్యలో, పక్క కోళ్ల ఒంటి వేడి, వాటి ఊపిరి తేమ కలిసి గాలి బరువెక్కిపోతుంది. తేమ గాలిలో ఎంత ఒగర్చినా వేడి దిగదు. బండి కదులుతున్నంతసేపు ఎలాగో నెట్టుకొస్తాయి. డ్రైవరు టీకి ఆపినప్పుడు, టోల్‌గేటు దగ్గర ఆగినప్పుడు మధ్య వరసలోవి పోతాయి. రోహిణి కార్తెలో అయితే చెప్పనే అక్కర్లేదు. తెలిసిన డ్రైవర్లు బయల్దేరే ముందే నీళ్లు చల్లుకుని, తెల్లారేలోపు ఊరు చేరేట్టు చూసుకుంటారు. తెలియనివాళ్లు ట్రేలు దించేటప్పుడు చచ్చినవాటిని లెక్కపెట్టుకుంటారు. ఆ లెక్క ఎలాగూ ఉంటుందని ముందే రేటులో కలుపుకుంటారు కనక ఎవరికీ నొప్పి తెలియదు.

దీనికి చట్టం లేదనుకోకండి. జంతువుల రవాణా నిబంధనలకు 2001లో కోళ్ల కోసం విడిగా ఒక అధ్యాయం చేర్చారు. ఎండాకాలం ప్రయాణంలో ఆరు గంటలకోసారి నీళ్లివ్వాలి, ఎండ, వాన తగలకుండా కప్పాలి, రోడ్డు మీద తీసుకెళ్లేటప్పుడు పెట్టె మీద పెట్టె పేర్చకూడదు అని అందులో రాసి ఉంది. ఈసారి హైవే మీద కోళ్ల బండి మిమ్మల్ని దాటిపోయినప్పుడు ట్రేలు ఎన్ని వరసలున్నాయో చూడండి.

ఈ నిబంధనలన్నిటికీ తల్లివేరు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. దాని వెనక రుక్మిణీదేవి అరండేల్ ఉన్నారు. కళాక్షేత్రం స్థాపించిన నాట్యాచార్యురాలిగానే మనకు ఆమె ఎక్కువ తెలుసు. 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యాక ఆమె పట్టుబట్టి జంతువుల కోసం ప్రైవేటు బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇచ్చాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. చట్టం వచ్చింది, 1962లో జంతు సంక్షేమ బోర్డు వచ్చింది, మొదటి అధ్యక్షురాలు ఆమే. ఆ చట్టంలో జంతువు అంటే మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ. కోడి కూడా వచ్చినట్టే కదా. అయినా 2023లో గుజరాత్ హైకోర్టులో చికెన్ దుకాణాల మీద విచారణ జరిగినప్పుడు కోడి జంతువా, పక్షా అన్న చర్చ లేచింది. చట్టం లెక్కలో జంతువేనని ప్రభుత్వం తరఫున చెప్పాల్సి వచ్చింది. ఒక జంతువు చూస్తుండగా ఇంకో జంతువును కోయకూడదని 2001 కబేళా నిబంధనలు అంటాయి. జంతువే అయితే ఆ మాట కోడికీ వర్తించాలి. మా వీధి కుర్రాడి గోనెపట్టా అలా చట్టబద్ధమైందే!

మరి శిక్ష? 1960లో రాసిన జరిమానాయే ఇప్పటికీ. మొదటిసారి నేరానికి పది రూపాయలకు తగ్గకుండా, యాభైకి మించకుండా. అరకిలో చికెన్ కూడా రాదు. ఆ రోజుల్లో యాభై రూపాయలంటే చాలామందికి నెల జీతంలో పెద్ద భాగం. అంకె అక్కడే ఉండిపోయింది, రూపాయి కరిగిపోయింది.

యంత్రాలొస్తే ఈ బాధలన్నీ తీరతాయా అంటే, కొన్ని తీరతాయి, కొత్తవి పుడతాయి. పెద్ద ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఎక్కువగా వాడేది కరెంటు నీటి తొట్టి. కదులుతున్న గొలుసుకు ఇనప కొక్కేలుంటాయి. కోడి కాళ్లు వాటిలో ఇరికిస్తే తలకిందులుగా వేలాడుతూ వెళ్లి, తల కరెంటు పారుతున్న నీళ్లలో మునుగుతుంది. మెదడులో మూర్ఛ లాంటిది వచ్చి స్పృహ పోతుంది. వెంటనే యంత్రం కత్తి మెడ కోస్తుంది. ఇది సరిగ్గా జరిగితే కోత కోడికి తెలియదు. యూరోపియన్ యూనియన్ 2013 నుంచి అమలు చేస్తున్న నియమాల ప్రకారం తక్కువ ఫ్రీక్వెన్సీలో కోడికి సగటున 100 మిల్లీఆంపియర్ల కరెంటు తగలాలి, అది నాలుగు సెకన్లకు తగ్గకూడదు, తొట్టి చేరేలోపు కొక్కేనికి ఒక నిమిషానికి మించి వేలాడకూడదు. కరెంటు ఎక్కువైతే ఛాతీలో చిన్న ఎముకలు విరుగుతాయి, మాంసంలో నెత్తురు చుక్కలు పడతాయి, సరుకు ధర తగ్గుతుంది. అందుకని తగ్గించుకోవాలన్న ఆశ ఎప్పుడూ ఉంటుంది. తగ్గిస్తే కోడి కదలకుండా పడి ఉంటుంది, స్పృహ మాత్రం ఉంటుంది. రెక్క ముందుగా నీళ్లకు తగిలితే షాక్ కొడుతుంది, తల ఎత్తేస్తుంది, కరెంటు తప్పించుకుని కత్తి దగ్గరికి మెలకువతోనే చేరుతుంది. తొట్టి మంచిదే, దాని పక్కన కళ్లు తెరిచి చూసే మనిషి ఒకడుండాలి.

ఇంకో పద్ధతి గ్యాసు. కోళ్లను ట్రేల్లోనే ఉంచి, కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లమెల్లగా పెంచుతూ పోతారు, లేదంటే ఆర్గాన్, నైట్రోజన్ లాంటివి నింపుతారు. నిద్రలోకి జారినట్టు స్పృహ పోయాకే మనిషి చెయ్యి వాటి మీద పడుతుంది. బతికుండగా కొక్కేనికి తగిలించే పనే ఉండదు. నా ఓటు దీనికే, ఖర్చు ఎక్కువని తెలిసినా. అలాగని చట్టాల విషయంలో పడమటివాళ్లను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అమెరికాలో 1958లో వచ్చిన మానవీయ వధ చట్టం కోతకు ముందు పశువులకు స్పృహ తప్పించాలంటుంది. అందులో ఇప్పటికీ కోళ్లను చేర్చలేదు. ఆ దేశంలో ఏటా కోతకు వెళ్లే ప్రాణుల్లో అత్యధికం కోళ్లే. బ్రిటన్ కోళ్ల కోసం విడిగా చట్టం చేసింది 1967లో.

ఈ మాట ఎత్తగానే హలాల్ సంగతేమిటని అడుగుతారు. మన చట్టం మత ఆచారం ప్రకారం చేసే వధను నేరం కాదంటుంది, 28వ సెక్షన్. స్పృహ తప్పించి కోస్తే హలాల్ అవుతుందా కాదా అన్నదాని మీద ముస్లిం పండితుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. కోయకపోతే మళ్లీ లేచి తిరగగలిగేంత తేలికపాటి కరెంటును ఒప్పుకునేవాళ్లున్నారు, ఒప్పుకోనివాళ్లున్నారు. ఆ తీర్పు నాది కాదు. పశువైద్యుడిగా నేను చెప్పగలిగింది ఒక్కటే: కత్తి బాగా పదును పెట్టమని, జంతువు ఎదుట పదును పెట్టవద్దని, ఒకదాని ఎదుట ఇంకోదాన్ని కోయవద్దని ఆ సంప్రదాయం చెబుతుంది. మన కొట్లలో హలాల్ బోర్డు కింద ఈ మూడూ పాటిస్తున్నారా అన్నది చూడాలి. ఒక్క వేటుతో మెడ తెగాలనే ఝట్కా బోర్డు ఉన్న చోట కూడా కత్తి మొద్దైతే కోడికి ఒరిగేదేమీ లేదు. నాకు తెలిసి ఈ గొడవలో ఎక్కువమంది మనుషుల గురించి మాట్లాడతారు, కోడి గురించి కాదు.

ఇప్పుడు ధరలో ఇంకా కిందికి దిగుదాం. గుడ్ల కోళ్లు. అనపర్తి, తణుకు వైపు వెళ్తే మైళ్ల కొద్దీ లేయర్ షెడ్లు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశే ముందు వరసలో ఉంది, తెలంగాణా వెనకబడిలేదు. లేయర్ కోడి ఏడాదికి మూడు వందల పైచిలుకు గుడ్లు పెడుతుంది. ఒక్కో పెంకుకు రెండు గ్రాముల దాకా కాల్షియం కావాలి. దాణాలో చాలనిది ఎముకల్లోంచి తీసుకుంటుంది. గుడ్లు తగ్గి, కల్ కింద, అంటే పనికిరానిదిగా ఏరి అమ్మేసే నాటికి ఆ ఎముకలు పుల్లల్లా ఉంటాయి. ఇనప గూట్లోంచి కాళ్లు పట్టి లాగితే తొడ ఎముక విరిగిన చప్పుడు వినబడుతుంది. బ్రాయిలర్‌తో పోలిస్తే దానికొచ్చే డబ్బు తక్కువ, మాంసం తక్కువ, ముదురు. అందుకే దూరం పోయే బండ్లలో ఎక్కించేది, నీళ్లు లేకుండా ఎక్కువసేపు ఆగేది ఇవే.

ఆ కోడి తమ్ముళ్లకైతే అసలు ధరే లేదు. లేయర్ జాతి మగపిల్ల గుడ్డు పెట్టదు, బ్రాయిలర్‌లా కండ పట్టదు. హేచరీలో పొదిగిన పిల్లల్లో దాదాపు సగం మగవే. పుట్టిన రోజే పిల్ల వెనకభాగం నొక్కి చూసి మగా ఆడా చెప్పే విద్య జపాన్‌లో 1920లలో మసుయి అనే శాస్త్రవేత్త బృందం రూపుదిద్దింది. ఇప్పుడు కొన్ని జాతుల్లో రెక్క ఈకల పొడవు, రంగు చూసి చెప్పేస్తారు. మగవైతే ఆ రోజే ఆఖరు. పెద్ద హేచరీల్లో ఒక్క క్షణంలో పొడి చేసే యంత్రాలు వాడే దేశాలున్నాయి. చూడ్డానికి అది ఘోరంగా ఉంటుంది, పిల్లకు మాత్రం బాధ క్షణంలో తీరిపోతుంది. అంతకంటే ఘోరం సంచుల్లో కుక్కి ఊపిరాడకుండా వదిలేయడం, నీళ్లలో ముంచడం. మన సంతల్లో గులాబీ, పచ్చ, నీలం రంగులద్ది పిల్లలకు ఆట బొమ్మల్లా అమ్ముతారే, అవి చాలావరకు ఈ మగపిల్లలే. కడుపులో మిగిలిన పచ్చసొన మీద రెండు మూడు రోజులు బతుకుతాయి. తర్వాత చలికో ఆకలికో, మన పిల్లలు పట్టుకుని నలిపినందుకో పోతాయి. కొనిచ్చే తల్లిదండ్రులకు ఆ పిల్ల ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే కొనరేమో.

ఇందులో ఒక దారి తెరుచుకుంది. పొదుగులో ఉన్న గుడ్డులోనే మగా ఆడా తేల్చే పరికరాలు వచ్చాయి. గుడ్డుకు సన్నటి బెజ్జం పెట్టి చుక్క ద్రవం తీసి చూసేవి కొన్ని, పెంకు గుండా వెలుతురు పంపి ఈక రంగు చూసేవి కొన్ని. మగ గుడ్లను పిల్ల కాకముందే తీసేస్తారు. జర్మనీ 2022 జనవరి నుంచి మగపిల్లల్ని చంపడం నిషేధించింది, ఫ్రాన్స్ మరుసటి ఏడాది ఆ దారి పట్టింది. మన దేశంలో 2017లో లా కమిషన్ కోళ్ల పెంపకం, రవాణా మీదే ఒక నివేదిక ఇచ్చింది, 269వది. అది ఎంతమంది శాసనసభ్యులు చదివారో.

ధర సున్నా కంటే కిందికి పడేది వ్యాధి వచ్చినప్పుడు. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలో మొదటిసారి బర్డ్ ఫ్లూ బయటపడింది. 2024లో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వేల్పూరు, కానూరు అగ్రహారం దగ్గర. నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు వెళ్తాయి, పాజిటివ్ రాగానే చుట్టూ కిలోమీటరు మేర ఉన్న కోళ్లన్నిటినీ చంపి, సున్నం చల్లి పూడ్చాలి. వైరస్ మనిషికి పాకకుండా ఇది తప్పదు, త్వరగా కూడా జరగాలి. ఎలా చంపుతారు? చాలావరకు చేత్తో మెడ విరిచి. అనుభవం ఉన్న చెయ్యి ఒక్క లాగుతో పుర్రెనూ వెన్నునూ విడదీస్తే ఆ పద్ధతి చెడ్డదేం కాదు. ఇబ్బంది సంఖ్యతోనే. యూరోపియన్ నియమాల్లో ఒక మనిషి చేత్తో ఇలా చంపగలిగేది రోజుకు 70 కోళ్లే, అదీ మూడు కిలోల లోపువి. అంతకు మించితే చెయ్యి అలిసిపోతుంది, లాగు తప్పుతుంది. మన షెడ్డులో వేలకు వేలున్నాయి. ప్లాస్టిక్ సూట్లు తొడుక్కుని, లోపల చెమట కారుతూ, కళ్లద్దాలు మసకబారిపోయి పనిచేసే సిబ్బందిని దగ్గర్నుంచి చూశాను. మధ్యాహ్నానికి వేళ్లు ముడుచుకోవు. సగం విరిగిన మెడలతో గోతిలోకి వెళ్లేవి అప్పుడే. వాళ్లను నిందించలేను. పెళ్లీడు కుర్రాళ్లు, దినసరి కూలీకి తెచ్చినవాళ్లు, రాత్రి అన్నం తినలేకపోయారు.

అమెరికాలో ఇలాంటి సందర్భాల్లో షెడ్డు ఫ్యాన్లు ఆపేసి, లోపల వేడి పెంచి వదిలేసిన ఉదంతాలున్నాయి. అక్కడి పశువైద్యుల్లోనే చాలామంది దాన్ని తప్పుపట్టారు. మనం నేర్చుకోవాల్సింది అది కాదు. మూత గట్టిగా పడే ట్రాలీలు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు, లేదా నైట్రోజన్ నింపిన నురగ తయారుచేసే పరికరం, వాటిని వాడటం తెలిసిన చిన్న బృందం. ఇది ప్రతి ఊరికీ అక్కర్లేదు. లేయర్ షెడ్లు ఒకే చోట పేరుకున్న జిల్లాలు మనకు కొన్నే కనక, వాటి మధ్య ఒక్కో సెట్టు సిద్ధంగా ఉంటే చాలు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధనా సంస్థ ఉంది, చెంగిచెర్లలో మాంస పరిశోధనా సంస్థ ఉంది, రెండు రాష్ట్రాల్లో పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. శిక్షణ ఇచ్చేవాళ్లు లేరనడానికి వీల్లేదు.

కొల్లేరుకూ పులికాట్‌కూ ఈ వైరస్‌ను మోసుకురాగల వలస పక్షులు దిగేది అక్టోబరు నుంచి. ఈ కొనుగోళ్లు, ఈ శిక్షణ ఆలోపే అయిపోవాలి. 2024, 2025 రెండుసార్లూ ఫిబ్రవరిలో గొయ్యి తవ్వాక మొదలుపెట్టాం.